గౌరి ఎందుకు లోపలికి పోయేది

మా తమ్ముడి కూతురు దివ్య పోయిన నెల వేలూరు నుంచి కొడుకును చంకనేసుకుని వచ్చింది. చెప్పులు విడవకముందే నాకు ఉత్తర్వు వేసింది. "అత్తా, ఇంకమీద వీనితో ఎవురూ తెలుగు మాట్లాడగూడదు. గౌరత్తకు గూడా నువ్వే చెప్పాల. మాటలు నేర్పించే సెంటర్లో గట్టిగా చెప్పినారు. ఇంట్లో ఒక బాస, బయట ఒక బాస అయితే వీని తల తట్టుకోలేదంట. అరవం ఒకటే మాట్లాడండి, అప్పుడే మాటలొస్తాయి అన్నారు." పిల్లవాడి పేరు కార్తి. తోటి పిల్లలు బడిలో పద్యాలు అప్పజెప్తుంటే వీడికి ఇంకా పట్టుమని పది మాటలు లేవు. ఎదుగుదల నెమ్మది అన్నారు డాక్టర్లు. నేను చెరుగుతున్న చాట కింద పెట్టాను. నాకు కోపం వస్తే ఒంటికాలి మీద లేస్తానని మా వీధిలో అందరికీ తెలుసు, దివ్యకూ తెలుసు, అందుకే నా ముఖం చూడకుండా బిడ్డ టోపీ సర్దుతోంది. "ముందు నీళ్ళు తాగు" అన్నాను. వాడివైపు తిరిగి, "నువ్వు గూడా తాగుతావా నాయనా?" అన్నాను. కావాలనే తెలుగులో అన్నాను.

నేను ఒప్పుకోను. ఈ మాట నేను ఇదే ఇంట్లో ఒకసారి విన్నాను. దానికి మేము తల వంచాం, దాని ఫలితమూ చూశాం. గౌరి నా చెల్లెలు. పుట్టిన దగ్గర్నుంచి దానికి మెడ నిలవడం ఆలస్యం, నడక ఆలస్యం, మాట మరీ ఆలస్యం. ఇప్పుడు దానికి డౌన్ సిండ్రోమ్ అని పేరుంది, ఆస్పత్రుల్లో మర్యాదగా చెప్తారు. మా చిన్నప్పుడు జనం పెట్టిన పేర్లు వేరే ఉండేవి. అవి నేను రాయను. తమిళనాడులో మా గుడియాత్తం మగ్గాలవాళ్ళ ఇళ్ళలో తెలుగు నోటికే గాని చేతికి రాదు. నేనూ తమిళ బడిలోనే చదివాను, ఇప్పటికీ లెక్కలు తమిళంలోనే వేసుకుంటాను, తమిళమంటే నాకు ప్రాణం. పెళ్ళయి చిత్తూరు వెళ్ళాక అత్తగారింట్లో వారపత్రికలు ముందేసుకుని, పిల్లల తల్లినయ్యాక తెలుగు అక్షరాలు దిద్దాను. మా ఆయన పోయాక గౌరికి తోడుగా పుట్టింటికే తిరిగొచ్చేశాను. ఆ దిద్దిన అక్షరాలు ఈ ఒక్క సంగతి రాయడానికి పనికొచ్చినా నాకు చాలు.

అప్పట్లో మా ముందు గదంతా మగ్గమే. గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని నాయన కైలీలు నేసేవాడు. లుంగీలను మావైపు కైలీలంటారు. తెల్లవారుతుండగానే వీధి పొడుగునా పడుగు నూలు సాగదీసి గంజి పెట్టేవాళ్ళు. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, వాటి మధ్యలో ఎవరింట్లోనో సంగటి ఉడుకుతున్న వాసన. ఇప్పుడు మా వీధిలో పడుగులు లేవు, సందుకొక పవర్‌లూమ్ రొద ఉంది, అయినా ఎక్కడైనా గంజి వార్చిన వాసన తగిలితే నా కాళ్ళు అక్కడే ఆగిపోతాయి. అమ్మకు నడుం వాల్చే తీరిక ఉండేది కాదు. ఒక చేత్తో నూలు చిలపలు ఆరేస్తూ ఇంకో చేత్తో ఊరుబిండి పచ్చడి నూరడం ఎలా సాధ్యమో అమ్మను చూసినవాళ్ళకే తెలుస్తుంది. అవ్వ, అంటే నాయన తల్లి, పొద్దున్నే కాఫీ తాగి, వక్కాకు దవడన పెట్టుకుని, మగ్గం పక్కనే రాట్నం ముందు కూర్చునేది. మధ్యాహ్నం దాకా కండెలు చుట్టేది. మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే చిన్న గొట్టాలు అవి, వాటికి నూలు చుట్టి అందిస్తూ ఉంటేనే నాయన చెయ్యి ఆడుతుంది. గౌరిని అవ్వ తొడ పక్కన కూర్చోబెట్టుకునేది. ఖాళీ గొట్టం అందించడం గౌరి పని. అది చుట్టిన కండెనే మళ్ళీ అందించేది, నేల మీద దొర్లించేది, ఒక్కోసారి నోట్లో పెట్టుకునేది. అవ్వ విసుక్కోవడం నేను చూడలేదు. మిగిలిన మా అందరి మీదా బోలెడంత విసుక్కునేది.

అవ్వకు నోరు ఊరుకోదు. రాట్నం తిరిగినంతసేపూ గౌరితో మాట్లాడుతూనే ఉండేది. అందులో ఒకటి రోజూ ఉండేది. "రాట్నం దేనికే?" అని తనే అడిగి, "కండెకు" అని తనే చెప్పేది. "కండె దేనికే? నాడెకు. నాడె దేనికే? గుడ్డకు. గుడ్డ దేనికే? కూటికి. కూడు దేనికే?" అని గౌరి బుగ్గ పట్టుకుని, "నా గౌరికి!" అనేది. గౌరి కిలకిలా నవ్వేది. ఎన్ని నెలలు అట్లా ఒంటరిగా తనే అడిగి తనే చెప్పుకుందో. ఒకరోజు అవ్వ "కూడు దేనికే?" అని ఆగిపోయింది. రాట్నం కూడా ఆపేసింది. గౌరి ఆగిన చక్రం వంక చూసింది, అవ్వ మూతి వంక చూసింది, మళ్ళీ చక్రం వంక చూసింది. "నాకి" అంది. అవ్వ రాట్నం తిప్పింది. మగ్గం గుంటలో నాయన నెయ్యడం మానేసి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత "కూతికి" వచ్చింది, తర్వాత "గుద్ద" అని వచ్చి ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వాం. చివరి నుంచి మొదటికి, ఒక్కొక్క మాటే వెనక్కి నడిచి వస్తోంది మా గౌరి.

ఆ రోజుల్లోనే ఇంకొక అలవాటు కూడా నడుస్తోంది, దాన్ని మేమెవరమూ చదువు అనుకోలేదు. మాకు నూలిచ్చి, నేసిన కైలీలు తీసుకుపోయే యజమానిని మొదలాళి అంటారు. ఆయన తమిళాయన. చెడ్డవాడేం కాదు, పండక్కి మా అందరికీ మిఠాయి తెచ్చేవాడు. కాని ఒకసారి పొద్దున్నే వచ్చి, గడపలో ఎదురుపడ్డ గౌరిని చూసి, బేరానికి బయల్దేరినప్పుడు ఇట్లాంటి బిడ్డ ఎదురైతే ఎట్లా అని గొణిగాడు. నాయన నోట్లో నాలుక లేని మనిషి. ఆ రోజు నుంచి గడపలో మొదలాళి గొంతు వినపడగానే అమ్మ గౌరిని లోపలి గదిలోకి తోసి తలుపు దగ్గరికి వేసేది. "గమ్మునుండు" అనేది. ఆయన వెళ్ళాక, "పోయినారు, రా తల్లీ" అని పిలిచేది. మా వీధంతా తెలుగు ఇళ్ళే. ఇంట్లోకి తమిళం వచ్చిందంటే బయటి మనిషి వచ్చాడనే అర్థం. మొదలాళి అయినా, కరెంటు మీటరు చూసే మనిషి అయినా, అదే తంతు. కొన్నాళ్ళకు తోయాల్సిన పని కూడా లేకపోయింది. తమిళం వినపడగానే గౌరి తనంతట తనే లేచి లోపలికి పోయి, గోడకానుకుని, కిక్కురుమనకుండా కూర్చునేది. "ఎంత బుద్ధిమంతురాలో చూడు" అని అమ్మ మురిసిపోయేది కూడా.

గౌరిని బడిలో వేసే వయసు దాటుతుండగా ఎవరో చెప్తే నాయన వేలూరు తీసుకెళ్ళాడు. అవ్వ వచ్చింది, బోర్డులు చదవడానికి నేను వెళ్ళాను. మందుల షాపు మీద ఒక గది. మాటలు రాని పిల్లలను చూసే ఆయన ఒకడు అక్కడ కూర్చునేవాడు. పేరెందుకు, పోయిన మనిషి. ఆయన బొమ్మలు ముందు పెట్టి, ఆవు ఏది, పువ్వు ఏది అని తమిళంలో అడిగాడు. గౌరి అవ్వ కుర్చీ వెనక్కి పోయి, ఆమె కొంగు తల మీదికి లాక్కుని, గోడకానుకుని కూర్చుంది. ఎన్నిసార్లు పిలిచినా ఊ అనలేదు. ఆయన చాలాసేపు చూసి నాయనతో చెప్పాడు. ఈ పిల్లకు జ్ఞాపకం నిలవదు, రెండు భాషలు మోసే శక్తి లేదు, బడి తమిళం, ఊరు తమిళం కాబట్టి ఇంట్లో తెలుగు పూర్తిగా ఆపేయండి అన్నాడు. నాయన చేతులు కట్టుకుని తల ఊపాడు.

తిరుగు బస్సు కే.వి.కుప్పం దాటేదాకా అవ్వ నోరు తెరవలేదు. దాటాక తెరిచింది. "ఏమప్పా, నా మనవరాలితో నేను సంతలో బేరమాడినట్టు మాట్లాడాల్నా?"

"అమ్మా, చదువుకునిన ఆయన చెప్పినాడు. బిడ్డకు మాటలు రావాల్నా, వద్దా?"

"వస్తా ఉండాయి కదరా! నీ చెవులు యాడ పెట్టుకున్నావు?"

"నాలుగు మాటలు, అవీ మనకు తప్ప ఎవురికీ తెలీవు. మనం పోయినంక దానికి ఎవురు దిక్కు? ఊరంతా అరవమే కదమ్మా." నాయన, బస్సులో జనం చూస్తున్నారని ముఖం కిటికీవైపు తిప్పుకున్నాడు. "అట్లయితే నేను దాంతో మాట్లాడనే మాట్లాడను పో" అని అవ్వ గౌరిని ఒళ్ళోకి లాక్కుంది.

మరునాటి నుంచి ఇంట్లో తమిళం మొదలైంది. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, వెంటనే ఒళ్ళు మండుతుంది. మా తెలుగులోనే సగం తమిళం, ఏది ఆపాలో ఏది ఉంచాలో ఎవరికీ తెలియదు. "కొంచం" అనే మాట మనదా వాళ్ళదా అని నాయనా అమ్మా ఒక పూటంతా వాదించుకున్నారు. "కందకు లేని దురద కత్తిపీటకు ఎందుకురా? ఆ రెండు బాసలూ చక్కగా కలిసి కాపరం చేస్తా ఉంటే మీరెందుకురా మధ్యలో?" అని అవ్వ రాట్నం దగ్గర్నుంచి అరిచింది. అమ్మకు తమిళం వచ్చుగాని పరాయివాళ్ళతో మాట్లాడే తమిళమే వచ్చు. కన్నకూతురిని "ఇంగ వా", ఇటు రా, అని పిలుస్తూ, అలవాటు కొద్దీ కొంగు భుజం నిండా కప్పుకునేది. నాయన గొంతు సవరించుకుని, "ఉక్కారు, సాప్పిడు", కూర్చో, తిను, అని మొదలాళికి కుర్చీ వేసినప్పటి గొంతుతో అనేవాడు. అవ్వ పంతానికి మౌనం పట్టింది. రాట్నం తిరిగేది, ప్రశ్న వచ్చేది కాదు.

గౌరి లేచి లోపలి గదిలోకి పోయింది. అమ్మ తీసుకొచ్చి కూర్చోబెట్టి తమిళంలో ముద్దు చేస్తే మళ్ళీ లేచి పోయింది. కొన్నాళ్ళకు పొద్దున లేవగానే నేరుగా అక్కడికే పోయి, గోడకానుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. అన్నం కూడా అక్కడే. నవ్వు పోయింది. "గుద్ద" పోయింది, "కూతికి" పోయింది, చివరికి "నాకి" కూడా పోయింది. నాయన తల పట్టుకుని, "చూసినారా, ఇన్నాళ్ళూ రెండు బాసలు కలిపి చెడగొట్టినాము, ఇంకా గట్టిగా అరవమే మాట్లాడాల" అన్నాడు. ఇంకా గట్టిగా మాట్లాడాం. నాకు భయమేసేది. దాని పక్కన కూర్చుని, నా బడి తమిళంలో, నాకొచ్చిన ముద్దుమాటలన్నీ చెప్పేదాన్ని. అది నా వంక మొదటిసారి చూసే మనిషిని చూసినట్టు చూసేది. చెల్లెలు ఇంట్లోనే తప్పిపోయిందనిపించి నేను పెరట్లోకి పోయి ఏడ్చేదాన్ని.

ఒకరోజు సాయంత్రమైనా గౌరి ఉదయం నుంచి ఏమీ తినలేదు. అవ్వ సంగటి ముద్ద, ఊరుబిండి పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళింది, వెనక నేనూ వెళ్ళాను. అవ్వ ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టింది. గౌరి మూతి తిప్పుకుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తిప్పుకుంది. అవ్వకు పంతం కరిగిపోయింది. "నా తల్లీ, నా బంగారూ, ఒక్క ముద్ద తినవే, నా కడుపు మండిపోతా ఉండాదే" అని గొల్లుమంది. గౌరి తలెత్తింది. అవ్వ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. తర్వాత తలుపువైపు వేలు చూపించి, చాలా మెల్లగా, రహస్యంగా అడిగింది.

"పోయినాలా?"

"ఎవురు తల్లీ? ఎవురు పోవాల?"

గౌరి తలుపు సందులోంచి ముందు గదిలోకి చూపించింది. అక్కడ మొదలాళి లేడు. మగ్గం మీద నాయన ఉన్నాడు, పక్కన అమ్మ ఉంది.

అవ్వ చేతిలో ముద్ద కంచంలో పడింది. గౌరిని చంకనెత్తుకుని ముందు గదిలోకి వచ్చి నాయన ముందు నిలబడింది. అవ్వ అంత గట్టిగా అరవడం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. "ఒరే! ఈ బిడ్డకు గ్యాపకం లేదని ఎవుడ్రా చెప్పినాడు? మనం నేర్పించిందే చేస్తా ఉండాది రా! అరవం వినపడితే లోపలికి పో, గమ్మునుండు అని తోసినామే, అది మరిచిపోలేదు రా! నువ్వు అరవం మాట్లాడితే నిన్ను ఎవురో బయటోడు అనుకునింది. నీ పెండ్లాన్ని బయటిదనుకునింది. వాళ్ళ నాయన యాడికో పోయినాడని, ఇల్లంతా పరాయోళ్ళు వచ్చి కూచున్నారని ఇన్ని దినాలూ ఆ గదిలో కాచుకోని ఉండాది రా!"

నాయన మగ్గం గుంటలోంచే నాడె వదిలేసి గౌరివైపు చేతులు చాచాడు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "దేవుడు నోరిచ్చినా ఈ పూజారులు ఇచ్చేట్టు లేరే" అంటూ అవ్వ గౌరిని నాయన ఒళ్ళో కుదేసింది. నాయన దాన్ని పట్టుకుని, "నేనే తల్లీ, నేనే, మీ నాయన్ని, యాడికీ పోలేదు" అంటూనే ఉన్నాడు. ఆ మాటలు ఏ భాషలో వస్తున్నాయో ఆయన చూసుకోలేదు. గౌరి ఆయన గడ్డం తడిమింది. ఆ రాత్రి మా ఇంట్లో అందరం దాని చుట్టూ కూర్చుని తిన్నాం.

తర్వాతి వారం మొదలాళి వచ్చాడు. గడపలో ఆయన గొంతు వినగానే గౌరి లేచింది. అవ్వ దాని చెయ్యి పట్టి తన పక్కనే కూర్చోబెట్టింది. "అమ్మా, వద్దమ్మా, నూలు ఇయ్యకపోతే?" అని నాయన బతిమాలాడు. "ఇయ్యకపోతే ఊర్లో ఇంకొక మొదలాళి లేడా?" అని అవ్వ వక్కాకు దవడ మార్చింది. ఆయన లోపలికి రాగానే స్వచ్ఛమైన తమిళంలో, ఇది నా మనవరాలు, ఈ ఇంటి బిడ్డ, ఇకమీద మీరొచ్చినప్పుడల్లా ఇక్కడే కూర్చుంటుంది, ఇష్టమైతే పలకరించండి అని చెప్పింది. ఆయన మెడ గోక్కుని, చివరికి గౌరిని "ఎన్న పాప్పా?" అని పలకరించాడు. గౌరి అవ్వ కొంగు పట్టుకుంది గాని లేవలేదు.

మాటలు తిరిగొచ్చాయి, కొత్తవి కూడా వచ్చాయి. తలుపు తెరిచి ఉంచాం కాబట్టి తమిళం కూడా తనే వచ్చింది. ఎవరూ నేర్పలేదు. కూరగాయలామెతో, బస్సు కండక్టరుతో, గుడిలో పువ్వులమ్మే పిల్లతో మాట్లాడి మాట్లాడి నేర్చుకుంది. పలుకు ఎప్పుడూ తేటగా రాలేదు, పెద్ద వాక్యాలు రాలేదు, బడిలో రెండో తరగతి దాటలేదు. నేను గొప్పలు చెప్పడం లేదు. కాని రెండు భాషలు మోయలేదన్న పిల్ల వంకాయలకు తమిళంలో బేరమాడి, ఇంటికొచ్చి ఆ బేరం గురించి మాకు తెలుగులో చెప్పుకుని మురిసేది. అవ్వ పోయేనాటికి కండెలన్నీ గౌరే చుట్టేది. ఆ చివరి రోజుల్లో అవ్వకు వినపడేటట్టు "కూడు దేనికే?" అని అడిగేది కూడా గౌరే.

ఇప్పుడు గౌరి జుట్టు నెరిసింది. ఈ మధ్య మతిమరుపు పట్టుకుంది. ఇట్లాంటివాళ్ళకు తొందరగా వస్తుందట. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. మొదట పోయింది తమిళం. కూరగాయలామె పిలిస్తే తెల్లబోయి నా వెనక్కి వస్తుంది. అది చూసి నాకు ఎంత బాధేసినా, ఒక సంగతి మాత్రం కనిపెట్టాను. చివర వచ్చింది ముందు పోతోంది. అవ్వ పెట్టింది ఇంకా అడుగున ఉంది.

దివ్యకు ఇదంతా ఆ సాయంత్రమే చెప్పాను. అది మర్యాదగా విని, "ఆ కాలం వేరే అత్తా. ఇప్పుడు మెథడ్ ఉండాది. నాకు గూడా ఆశ ఉండదా? వాడు నన్ను అమ్మా అని పిలిస్తే చాలు" అని కళ్ళు తుడుచుకుంది. దాని ఆశ మీద నాకు కోపం లేదు. మా నాయన ఆశ కూడా అదే. "నేర్పు, అరవం బాగా నేర్పు, ఇంగిలీసు నేర్పు, ఎవురొద్దన్నారు? నువ్వు వాణ్ని కని, ఏ మాటతో జోకొట్టినావో దాన్ని ఎందుకు తీసేస్తావు?" అన్నాను. దివ్య కార్తిని పక్కలో వేసుకుని, అటు తిరిగి పడుకుంది.

మరునాడు పొద్దున గౌరి పాత గొట్టాల బుట్ట ముందేసుకుని కూర్చుంది. కార్తి దాని తొడ పక్కన చేరి గొట్టాలు దొర్లిస్తున్నాడు. గౌరి ఏదో గొణుగుతోంది, వాడు దాని మూతివంకే చూస్తున్నాడు. దివ్య వంటింట్లోంచి పళ్ళెం పట్టుకుని వచ్చి, సెంటర్లో నేర్పించిన గొంతుతో, ఒక్కొక్క మాటా విడదీసి పిలిచింది. "కార్తి, ఇంగ వా. ఉక్కారు. సాప్పిడు."

గౌరి ఉలిక్కిపడి లేచింది. పిల్లవాడి చెయ్యి పట్టుకుంది. వాడు ఎదురు తిరగకుండా దాని వెంట నడిచాడు. ఇద్దరూ లోపలి గదిలోకి పోయారు. గౌరి తలుపు వేసి గడియ పెట్టుకుంది. దివ్య పళ్ళెం పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. "కార్తి" అని మళ్ళీ తమిళంలో పిలిచింది. లోపల చడీచప్పుడు లేదు. ఇంకొంచెం గట్టిగా పిలిచింది. కాసేపటికి తలుపు అవతల నుంచి, మెల్లగా, రహస్యంగా, నేను ఏళ్ళ తరబడి విననే వినని గొంతు వచ్చింది.

"పోయినాలా?"

దివ్య నావైపు తిరిగింది. నా దగ్గర చెప్పడానికి చాలా ఉంది, అయినా చాట ముందుకు లాక్కున్నాను. అది పళ్ళెం నేల మీద పెట్టింది. తలుపు దగ్గరికి పోయి, చెక్కకు నుదురు ఆనించింది.

"పోయినారత్తా" అంది. "అందురూ పోయినారు. మనోళ్ళమే ఉండాము. నా బిడ్డను పిల్చుకోని బయటికి రా."

లోపల గడియ తీసిన చప్పుడైంది.